తులసిమాల కింది గింజ

పులికి చారలు మా ఇంటి మగ్గం గుంటలోనే వచ్చాయని చెప్పి నేను చాలా చీరలు అమ్మాను. ఒక వానాకాలం దారి తప్పిన పులి మా ఇంట్లో జొరబడి, మగ్గం గుంటలో పడి, అప్పుడే రంగేసిన నల్లనూలు ఒంటికి చుట్టుకుని లేచిపోయిందనీ, అంతకుముందు దాని ఒళ్ళు పసుపుముద్దలా ఉండేదనీ చెబితే అంగడికి వచ్చిన ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్వి, ఆ నూలుతో నేసిన చీర ఏదో చూపించమనేవాళ్ళు. నేను చూపించేవాణ్ణి. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాన్ని నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. మా ఊరివాళ్ళు పులిని నమ్మారు, దీన్ని నమ్మలేదు. ఊరి తెలివిని కొలవడానికి నాకు ఇంతకంటే మంచి గజంబద్ద దొరకలేదు.

మాది ఆసిఫాబాద్‌కు ఎడ్లబండి మీద పోయేంత దూరంలో ఉన్న ఊరు. మాది నేతగాళ్ళ గల్లీ. నాన్నను మేము బాపు అనేవాళ్ళం. బాపు మంచి నేతగాడు, నేను కాదు. గుంటలో కాళ్ళు దించి కూర్చోగానే నాకు నిద్ర ముంచుకొచ్చేది. తెగిన పోగును అతకమంటే ముడి వేసేవాణ్ణి. ఆ ముడి బట్టలో మొటిమలా తేలేది. మంచి నేతగాడు ముడి వేయడు. రెండు కొసలనూ పక్కపక్కన పెట్టి, బూడిద అద్దుకున్న వేళ్ళ మధ్య పురి పెట్టి అతుకుతాడు. అతికిన చోటు కంటికే కాదు, వేలికి కూడా తెలియదు. "నోరు తిప్పినట్టు వేళ్ళు తిప్పరాదుర" అని విసుక్కుని బాపు నన్ను బట్టల మూటతో అంగళ్ళకు తోలాడు. అక్కడ నోటితోనే పని.

బాపు మెడలో తులసిమాల ఉండేది. మా వైపు మరాఠీ గాలి ఎక్కువ. పండరిపురం దాకా నడిచిపోయి గురువు చేత మాల వేయించుకున్నవాణ్ణి మాల్‌కరి అంటారు. మాల పడ్డనాటి నుంచి కల్లు ముట్టకూడదు, మాంసం ముట్టకూడదు, బతికున్నన్నాళ్ళూ మాల ఒంటి మీంచి తీయకూడదు. అది గొంతును పట్టుకుని ఉండే పొట్టి మాల, తల మీంచి రాదు. నిజాం రాజ్యంలోనే బాపు దాన్ని వేసుకున్నాడు. మిలిటరీ వచ్చింది, రాజ్యం పోయింది, రాష్ట్రం మారింది, చేతిలో నాణేలు మారాయి, మాల మారలేదు. కల్లు లేనిదే పెళ్ళీ జరగని, పీనుగూ లేవని గల్లీలో ఆయన మంచినీళ్ళ చెంబుతో కూర్చునేవాడు. అందరూ ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు. ఇంత మెచ్చుకోళ్ళ వెనక ఎంత కడుపుమంట ఉందో తర్వాత గానీ తెలియలేదు.

జబ్బు ఒక్కసారిగా రాలేదు. ముందు దప్పిక పట్టుకుంది. మగ్గం పక్కన కుండ పెట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నానికల్లా కుండ ఖాళీ. తాగినవన్నీ పోసి రావడానికి లేస్తూ కూర్చుంటూ ఉంటే రోజుకు మూరెడు బట్ట తగ్గింది. తర్వాత మూత్రంలో రాళ్ళు పడ్డాయి. రెండుసార్లు, ఏడాది తేడాతో, నేల మీద పొర్లి పొర్లి రాయి పోశాడు. ఆ రాళ్ళను కడిగి అగ్గిపెట్టెలో దాచుకున్నాడు. ఎందుకని అడిగితే, గింత కష్టపడి కన్న, పారేస్తనా అన్నాడు. ఆ తర్వాత ఎముకల్లో సలుపు. ఒకరోజు నూలుకు పెట్టే గంజి బాన ఎత్తబోతే మణికట్టు పుటుక్కుమంది. బానలో సగం గంజే ఉంది.

మా ఊళ్ళో ఒక కాంపౌండరు ఉండేవాడు. ఎక్కడో ఒక డాక్టరు దగ్గర సీసాలు కడిగి, వస్తూ వస్తూ ఒక సూది తెచ్చుకున్నాడు. అది ఎడ్లకు వేసే సూది అని నేను ప్రచారం చేశాను. నిజమేమో కూడా. అతని దగ్గర అన్ని జబ్బులకూ ఒకటే మందు, సున్నం సూది. కాల్షియం అని దాని పేరు. నరంలోకి ఎక్కుతుంటే అరికాలి నుంచి నడినెత్తి దాకా వేడి పాకుతుంది. ఆ వేడి కోసం జనం వరస కట్టేవాళ్ళు. ఒళ్ళు వేడెక్కిందంటే జబ్బు కాలిపోయినట్టే లెక్క. విరిగిన ఎముకకు సున్నం కాకపోతే ఇంకేం కావాలని అతను అన్నాడు. నిజమే కదా అని మేము తలూపాం. అవ్వ, అంటే మా అమ్మ, తన వంతుగా వడ్లగింజంత తాంబూలం సున్నం రోజూ పెరుగులో కలిపి పెట్టింది. మొత్తానికి గోడకు కొట్టాల్సిన సున్నమంతా బాపుకు పట్టించాం.

మూడో సూది పడిన మర్నాడు కడుపునొప్పి మొదలైంది. బొడ్డుకు పైన పుట్టి వీపులోకి దూసుకుపోయే నొప్పి. వెల్లకిలా పడుకోనివ్వదు. ముందుకు బాగా వంగి కూర్చుంటేనే కాస్త ఊపిరి. అంత వంగి కూర్చునే చోటు మా ఇంట్లో ఒకటే, మగ్గం గుంట. నొప్పి వచ్చినప్పుడల్లా బాపు గుంటలోకి దిగి, నేసిన బట్ట మీద రొమ్ము ఆన్చి, వాంతి వస్తే పక్కకు తిరిగి కక్కి, మళ్ళీ అడ్డపోగు నాడె విసిరేవాడు. తలుపులోంచి చూసేవాళ్ళకు కనబడింది ఏమిటంటే, పొద్దున్నే కళ్ళు పీక్కుపోయి, కక్కుకుంటూ, ఊగుతూ నేసే మనిషి. అలాంటివాళ్ళు మా గల్లీలో ఇంటికొకరు ఉన్నారు. వాళ్ళకు ఎందుకలా అవుతుందో అందరికీ తెలుసు.

గనుల ఊళ్ళో ఒక డాక్టరు ఉన్నాడంటే బాపును అక్కడికి తీసుకుపోయాను. ఆయన కడుపు మీద నాలుగు వేళ్ళు నొక్కాడు. ముఖం వైపు చూడలేదు, మెడలోని మాల వైపు అసలే చూడలేదు. తాగుతావా అని అడగలేదు. ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నావని అడిగాడు. బాపు తాగనన్నాడు. అందరూ అదే చెబుతారని డాక్టరు నవ్వి, చీటీ మీద ఇంగ్లీషులో ఏదో గీకాడు. కడుపులో జీర్ణాశయం వెనక క్లోమం అని ఒక గ్రంథి ఉంటుందట. తిన్నది అరిగించే రసం అందులో ఊరుతుంది. అది వాచిందని, తాగేవాళ్ళకే అలా వాస్తుందని ఆయన లెక్క. ఆ లెక్కకు మనిషిని చూడాల్సిన అవసరం లేదు.

ఆ చీటీని భద్రంగా జేబులో పెట్టుకుని ఊరికి మోసుకొచ్చిన గాడిదను నేనే. చదివిపెట్టమని బడిపంతులుకు ఇచ్చాను. పంతులు భజనలో మృదంగం వాయించేవాడు. సాయంత్రానికల్లా చీటీలోని మాట మృదంగం కంటే గట్టిగా మోగింది.

మా భజన పెద్ద నూలు దుకాణం యజమాని. ఆయన కూడా మాల్‌కరే. కల్లు వాసన తగిలితే స్నానం చేసేవాడు. అయితే ఆయనకు అజీర్తి. అజీర్తికి ద్రాక్షలు పులియబెట్టి చేసే ఆయుర్వేద మందు, ద్రాక్షారిష్టం, పొద్దున చిన్న గిలాస, సాయంత్రం పెద్ద గిలాస. ఏకాదశి భజనలో ఆయన కళ్ళు ఎర్రబడి, గొంతు పూడుకుపోయి, పాండురంగని తలచుకుని ఏడుస్తుంటే అందరూ భక్తి అనుకునేవాళ్ళు. నేనూ అనుకున్నాను, ఒకసారి ఆయన ఖాళీ సీసాలు గోనెసంచిలో కట్టి పారేయించడం చూసేదాకా.

ఆ పెద్దమనిషి బాపును పిలిపించి, నలుగురిలో మాల తీసి ఇచ్చేయమన్నాడు. తాగినవాని మెడలో తులసి ఉంటే ఊరికి అరిష్టమట. బాపు అప్పుడే ఒక నొప్పి నుంచి తేరుకుని ఉన్నాడు. స్తంభానికి ఆనుకుని నిదానంగా చెప్పాడు.

"వేసినోడు తియ్యుమంటే తీస్త. ఆయన పండరిల బూడిదైండు. పోయి అడిగి రాండ్రి."

ఆనాటి నుంచి ఆయన్ని భజనలో నిలబడనివ్వలేదు. చేతిలోని భజన తాళాలు లాక్కున్నారు. ఏకాదశి నాడు ఆయన ఇవతల అరుగు మీద కూర్చుని, తొడ మీద చేత్తో తాళం వేసుకునేవాడు. కల్లు దుకాణం ముందు నుంచి పోతుంటే గీతకార్మికులు కూడా జాలిగా చూసి, ఇంట్ల దాసుకొని తాగుడెందుకు కాకా, ఇటే వచ్చి కూసోరాదు అనేవాళ్ళు. ఊరంతటిలో మర్యాదగా మాట్లాడినవాళ్ళు వాళ్ళే.

ఇక నా సంగతి. ఒక మధ్యాహ్నం బాపు నొప్పి తగ్గి, మగ్గం మీదే తల ఆన్చి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇంట్లో ఎవరూ లేరు. నేను వంగి ఆయన నోరు వాసన చూశాను. పుట్టినప్పటి నుంచి ఆ మనిషి పక్కన అన్నం తిన్నవాణ్ణి. బాపు కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"గంత దూరముంటే ఏం తెలుస్తది. జర దగ్గరికి రా, మంచిగ చూడు."

నేను ఊరిని ఎంతైనా తిడతాను. తిట్టినప్పుడల్లా ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది. అందుకని ఇంకా గట్టిగా తిడతాను.

మర్నాడే బాపును రైలెక్కించి పట్నం పెద్ద దవాఖానాకు తీసుకుపోయాను. అక్కడ మొదట చూసిన పెద్ద డాక్టరు కూడా పాత పాటే పాడాడు. ఆయన వెనకాల ఒక పడుచు డాక్టరమ్మ ఉంది, కోస్తా వైపు మనిషి. అందరూ పోయాక ఆమె తిరిగి వచ్చి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. కడుపునొప్పికి ముందు ఏమేం జబ్బులు చేశాయని అడిగింది. ఇన్నాళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. బాపు రొండిన ఉన్న అగ్గిపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తెరిచి చూసి, రాళ్ళను చిటికెన వేలితో కదిపి, మణికట్టు ఎప్పుడు విరిగిందని అడిగింది. దప్పిక సంగతి ఆమే అడిగింది. సున్నం సూది గురించి చెబితే తల పట్టుకుంది.

రక్తం తీశారు. ఒకసారి కాదు, మూడుసార్లు. రక్తంలో సున్నం ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉందని తేలింది. ఆమె ఒక కాగితం మీద మెడ బొమ్మ గీసింది.

"పెద్దాయనా, మీ జబ్బులన్నీ ఒకటే జబ్బు" అంది.

గొంతు దగ్గర థైరాయిడ్ అనే గ్రంథి వెనకాల వడ్లగింజలంత గింజలు నాలుగు అంటుకుని ఉంటాయట. పారాథైరాయిడ్లని పేరు. రక్తానికి ఎంత సున్నం కావాలో చూసుకుని ఎముకల్లోంచి తీసి ఇవ్వడం వాటి పని. ఆయనకు అందులో ఒకటి వాచి ఉంటుందని ఆమె అనుమానం. వాచిన గింజకు లెక్క ఉండదు, ఎముకల్ని తోడి తోడి రక్తంలో పోస్తూనే ఉంటుంది. ఎముకలు గుల్ల అవుతాయి. ఆ సున్నం మూత్రం ఎక్కువ చేసి దప్పిక పుట్టిస్తుంది, మూత్రపిండాల్లో రాయి కడుతుంది. క్లోమంలో ఊరే రసం పేగులోకి దిగాక పని మొదలుపెట్టాలి. సున్నం ఎక్కువైతే అది ఉన్నచోటే మేలుకుని, తిన్నదాన్ని వదిలేసి, క్లోమాన్నే అరిగిస్తుంది. ఈ గింజ వాచిన వాళ్ళందరికీ క్లోమం చెడదనీ, కొందరికే అలా అవుతుందనీ, దీన్ని ఒప్పుకోని పెద్ద డాక్టర్లు ఇంకా ఉన్నారనీ కూడా ఆమె దాచకుండా చెప్పింది. ఆ ఒప్పుకోని పెద్ద డాక్టరు మాకు పక్క గదిలోనే ఉన్నాడు. తాగుబోతు కేసుకు పుస్తకాలు తిరగేస్తున్నావా అని ఆమెను నలుగురిలో ఎగతాళి చేయడం నేను విన్నాను. కానీ రక్తం లెక్క మూడుసార్లు ఒకటే వచ్చేసరికి కోత డాక్టరు ఒప్పుకున్నాడు. మెడ కోసి గింజ తీసేయాలి. నొప్పి ఇంకోసారి గట్టిగా వస్తే మనిషి దక్కడని ఆమె నాతో విడిగా చెప్పింది.

అన్నీ కుదిరాక నర్సు వచ్చి మెడలో మాల తీసేయమంది.

బాపు తీయనన్నాడు. నేను బతిమాలాను, తిట్టాను. ఆయన పైకప్పు చూస్తూ అన్నాడు.

"తాగుబోతువు, తియ్యుమంటే తియ్యలే. గిప్పుడు తీస్తే గా మాట నిజమైతది. మెడ గట్లనే పోనియ్యి."

నేను ఊరికి పరుగెత్తాను. భజన పెద్ద అరిష్టం గిలాసతో అరుగు మీద ఉన్నాడు, పక్కన పంతులు. గింజ సంగతి, సున్నం సంగతి, క్లోమం సంగతి డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక్క పోగు కూడా కలపలేదు. మాల తీయడం తప్పు కాదని మీరొక్క మాట కబురు చేయండి, మనిషి బతుకుతాడని చేతులు జోడించాను.

పెద్దమనిషి గిలాస ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "మెడల గింజ వాస్తే కడుపు కాలుతదారా? పులి కథ చెప్పు, గది నయముండె."

పంతులు అంతకంటే దయగలవాడు. తాగానని ఒక్క మాట ఒప్పుకుంటే మాల తామే తీస్తామనీ, ప్రాయశ్చిత్తం కూడా తామే చేయిస్తామనీ మాట ఇచ్చాడు. ఆ దయను అక్కడే అరుగు మీద వదిలి వచ్చాను.

పట్నం వచ్చి, మంచం పక్కన కూర్చుని, నా పని నేను చేశాను. గల్లీ అంతా కదిలిపోయిందని, పంతులు చీటీ చింపేశాడని, భజన పెద్ద నేల మీద పడి ఏడ్చాడని, మాల తియ్యి తమ్మీ, తప్పు మాదే అన్నాడని చెప్పాను. నా మాటకు నాకే కళ్ళు చెమర్చాయి. బాపు అంతా విన్నాడు.

"పులి ఏడ్వలేదా?" అన్నాడు.

నేను తల దించుకున్నాను. ఆయనే నా చేయి తట్టి, మూటలో నూలు ఉందా అని అడిగాడు. ఉంది. అంగడి మూటలో నూలు లేకుండా నేను ఎప్పుడూ లేను.

"తియ్యొద్దు. దించుదం" అన్నాడు.

ఆయన ఆలోచన ఇది. మాల దారాన్ని రెండు పూసల మధ్య తెంపి, మధ్యలో కొత్త నూలు అతికి పొడుగు చేస్తే, అది తల మీంచి పోనక్కర లేదు. భుజాల మీంచి కిందికి జారి కడుపు మీదికి వస్తుంది. ఒంటిని వదలదు, మెడ ఖాళీ అవుతుంది. ఎవరు అతకాలి? ఆయన మణికట్టు ఇంకా సరిగా తిరగదు, పైగా మాల ఒంటిని వదలకుండా రెండు కొసలూ ఆయన పట్టుకుని ఉండాలి. నేనే.

బూడిద కావాలి. దవాఖానాలో బూడిద ఎక్కడిది? డాక్టరమ్మ రబ్బరు తొడుగులకు చల్లే తెల్ల పొడి తెచ్చి ఇచ్చింది. ఆమెకు అర్థమైందో లేదో కానీ కత్తెర కూడా ఆమే పట్టుకుంది. బాపు రెండు కొసలనూ రెండు చేతులతో గొంతుకు అదిమి పట్టుకున్నాడు. ఆయన ఊపిరి నా వేళ్ళకు తగులుతూ ఉంది. మొదటి అతుకు జారిపోయింది. రెండోదానికి నా వేళ్ళు వాటంతట అవే ముడి వైపు తిరిగాయి.

"ముడేసిన మాల నా ఒంటి మీద ఉండొద్దు" అన్నాడు బాపు. "పురి పెట్టు. నిమ్మలంగ."

ఎంతసేపు పట్టిందో తెలియదు. నర్సు రెండుసార్లు వచ్చి గొణిగిపోయింది. చివరికి రెండు వైపులా అతుకు పడింది. లాగి చూశాను, ఊడలేదు. మాల భుజాలు దిగి, ఒక చేయి, ఇంకో చేయి దాటి, ఇన్నాళ్ళూ ఊరంతా ఆడిపోసుకున్న కడుపు మీద పడుకుంది. మిగిలిన దారాన్ని ధోతి అంచులో దోపాను. డాక్టరమ్మ దాని మీద దుప్పటి కప్పింది.

మెడ కోస్తే రేగుగింజంత గింజ బయటికి వచ్చింది. సీసాలో నీళ్ళలో తేలుతున్న ఆ ముక్కను నాకు చూపించారు. ఇంత పిసరు ముక్క కోసమా అనిపించింది. రెండో రోజు బాపు వేళ్ళు తిమ్మిరెక్కి వంకరపోయాయి. ఎండిన ఎముకలు రక్తంలోని సున్నమంతా ఒక్కసారిగా పీల్చేసుకుంటాయని చెప్పి, వాళ్ళే కొన్నాళ్ళు సున్నం సూదులు వేశారు. నేను ఈ మాట ఊళ్ళో నోరు జారాను. కాంపౌండరు చొక్కా మార్చుకుని గల్లీ గల్లీ తిరిగాడు. పట్నం డాక్టర్లు చివరికి తన మందే వేశారట. అతని ముందు వరస రెట్టింపైంది.

కడుపునొప్పి మళ్ళీ రాలేదు. నెలలు గడిచాయి, రాలేదు. దీన్ని మా ఊరు ఎలా అర్థం చేసుకుందో మీరు ఊహించగలరా? తాగుడు మానిండు, బాగైండు. ఇంతే. నొప్పి ఉంటే తాగినట్టు, పోతే మానినట్టు. ఇలాంటి తెలివికి మందు ఏ దవాఖానాలోనూ లేదు.

ఒక ఏకాదశి పొద్దున భజన పెద్ద, పంతులు మా ఇంటికి వచ్చారు. దారి తప్పి తిరిగి వచ్చినవాణ్ణి చేర్చుకోవడం పుణ్యమని, కొత్త తులసిమాల తెచ్చామని అన్నారు. బాపు మగ్గం మీదే ఉన్నాడు. నాడె ఆపి, బనీను పైకెత్తాడు. పాత మాల కడుపు మీద ఉంది, చెమటకు నల్లబడిన అవే పూసలు.

"తియ్యలే" అన్నాడు. "జరిగింది, గంతే."

భజన పెద్ద వంగాడు. దారాన్ని వేళ్ళతో చుట్టూ తడిమాడు, ఒకసారి, రెండుసార్లు. తెంపి పొడుగు చేస్తే ముడి ఉండాలి కదా, ముడి ఏదని అడిగాడు.

"మా వాడు అతికిండు" అన్నాడు బాపు. నా వైపు చూడలేదు.

నా నలభై ఏళ్ళ బతుకులో నా పనికి వచ్చిన మెప్పు అదొక్కటే. దాన్ని ఆనందించడానికి సాయంత్రం దాకా కూడా టైము దొరకలేదు. భజనకు అందరూ చేరేసరికి గల్లీలో మాట తిరుగుతోంది. ముడి లేదంటే తెంపలేదు, తెంపకుంటే కడుపు మీదికి రాదు, కాబట్టి పాతది పారేసి ఈ పొడుగుది కొత్తగా చేయించుకున్నాడు. పైగా ఆ కొడుకు మగ్గం మీద ముడి తప్ప వేయనివాడు, వాడు అతికాడంటే ఎవడు నమ్ముతాడు? పంతులు దీన్ని తర్కం అన్నాడట.

బతుకులో ఒక్కసారి పని సరిగ్గా చేస్తే అది సాక్ష్యాన్నే చెరిపేసింది. పోయి ఈ సంగతి బాపుకు చెప్పాను. ఆయన అంతా విని, నాడె వదిలేసి, రెండు చేతులూ మగ్గం మీద పెట్టుకుని నవ్వాడు. వంగిపోయి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కడుపు పట్టుకోకుండా నవ్వాడు.